మనీలాలో ఒక మఠం, ఒక బడి

వైద్యవిద్య కోసం పిల్లల్ని ఫిలిప్పీన్స్ పంపిన తెలుగు కుటుంబాలకు మనీలా పేరు కొత్త కాదు. ఆ నగరంలో మలాటె అనే పేట ఉంది. అక్కడ లియోన్ గింటో వీధిలో సెయింట్ స్కొలాస్టికా కాలేజీ నడుస్తోంది. పేరులో కాలేజీ అని ఉన్నా ఇక్కడ చిన్న తరగతుల నుంచి డిగ్రీ దాకా చదువు చెబుతారు. 1906 డిసెంబర్ 3న మొదలైన ఈ బడి కథోలిక చర్చిలోని బెనెడిక్టు సభ సిస్టర్లది. బడి పుట్టాక ఆ దేశం ఎన్నో చూసింది. నాలుగు దశాబ్దాలు అమెరికా పాలనలో ఉంది. జపాన్ సైన్యం కింద నలిగింది. 1946లో స్వతంత్రమైంది. అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన మార్షల్ లా కింద నోరు కట్టుకుని బతికింది. 1986లో జనం రోడ్ల మీదికి వచ్చి ఆ నియంతను సాగనంపారు. బడి కూడా యుద్ధంలో ఒకసారి శిథిలమైంది. ఇన్ని జరిగినా యాజమాన్యం చేతులు మారలేదు.

నూరేళ్లు దాటిన విద్యాసంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. ఈ బడి గురించి రాయాలనిపించడానికి కారణం వేరు. విధేయతను జీవితకాల వ్రతంగా తీసుకున్న స్త్రీలు నడిపే చోటు ఇది. అలాంటి చోట అధికారాన్ని నిలదీయడం నేర్పే చదువు ఎలా మొదలైంది? పైకి చూస్తే ఈ రెండూ ఒక చోట ఇమడవు. ఆ సిస్టర్లు ఎలా బతుకుతారో, ఏ నియమావళిని రోజూ చదువుకుంటారో తెలిస్తే మాత్రం ఆశ్చర్యం చాలావరకు తగ్గుతుంది. అందుకే బడి కంటే ముందు మఠం సంగతి చెప్పుకోవాలి.

సిస్టర్ల బళ్లు మనకూ బాగా తెలుసు. సికింద్రాబాద్‌లోని సెయింట్ ఆన్స్ 1871 నాటిది. అయితే మన ప్రాంతంలో కనిపించే సభలు చాలావరకు గత రెండు మూడు శతాబ్దాల్లో పుట్టినవి. బడి పెట్టాలని, ఆస్పత్రి నడపాలని, అనాథలను చూడాలని, ఇలా ఏదో ఒక పనిని ఉద్దేశించి మొదలైనవి. బెనెడిక్టు సంప్రదాయం వాటికన్నా చాలా పాతది, దాని వరస కూడా వేరు. కలిసి బతకడం, కలిసి ప్రార్థించడం అక్కడ మొదటి విషయం. ఏ పని చేయాలన్నది ఆ తర్వాత వస్తుంది. వ్యవసాయం చేసిన మఠాలున్నాయి, పుస్తకాలకు నకళ్లు రాసిన మఠాలున్నాయి, బడి నడిపిన మఠాలున్నాయి. పని ఏదైనా ఇంటి పద్ధతి ఒకటే.

ఆ పద్ధతికి మూలపురుషుడు పునీత బెనెడిక్టు. దాదాపు 480లో ఇటలీలోని నూర్సియాలో పుట్టాడు. రోమ్‌కు దక్షిణాన మోంటె కసీనో కొండ మీద మఠం కట్టి, అందులో ఉండేవారి కోసం ఒక నియమావళి రాశాడు. ముందుమాట, ఆపైన 73 అధ్యాయాలు, అంతే. సంచిలో పట్టేంత చిన్న పుస్తకం. రోమన్ సామ్రాజ్యం పడమట కూలిపోయి, ఊళ్లు పాడుబడి, ఎవరికీ రేపటి మీద నమ్మకం లేని కాలంలో రాసిన పుస్తకమది. పదిహేను వందల ఏళ్లుగా వేల మఠాల్లో రోజూ కొంత చొప్పున చదువుతూనే ఉన్నారు.

నియమావళి అనగానే శిక్షల పట్టిక అనుకుంటాం. అవీ ఉన్నాయి. కానీ ఎక్కువ భాగం ఇల్లు నడిపే సంగతులే: ఎప్పుడు నిద్ర లేవాలి, ఎవరు వండాలి, రోగులను ఎలా చూడాలి, తలుపు తట్టిన అతిథిని ఎలా లోపలికి తీసుకురావాలి. పనిముట్లు ఎవరికి ఇచ్చారో, తిరిగి ఏవి వచ్చాయో మఠాధిపతి ఒక జాబితా పెట్టుకోవాలని 32వ అధ్యాయం చెబుతుంది. దానికి ముందు అధ్యాయంలో సరుకుల గది చూసే వ్యక్తికి సూచనలున్నాయి. వంటగిన్నెనూ పలుగునూ పారనూ పూజాపాత్రలంత జాగ్రత్తగా చూసుకోవాలట. అడిగినది ఇవ్వలేకపోతే కనీసం మంచిమాటైనా చెప్పి పంపాలట. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం ఇచ్చి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివించాలని 48వ అధ్యాయంలో ఉంది. బడి అనే మాట ఎక్కడా ఎత్తకుండానే ఈ అధ్యాయం సగం బడిని కట్టేసింది. ప్రతిరోజూ చేతిపనికి ఇంత సమయం, చదువుకు ఇంత సమయం అని గంటలు విడదీసిన సమాజంలో అక్షరం రాకుండా బతకడం కష్టం.

బెనెడిక్టు సభవారు మూడు వ్రతాలు తీసుకుంటారు: స్థిరంగా ఉండటం, జీవితాన్ని నిత్యం సరిదిద్దుకుంటూ పోవడం, విధేయత. పేదరికం, బ్రహ్మచర్యం రెండో వ్రతంలోనే కలిసి ఉంటాయి. మిగతా సభలకు వీరికి పెద్ద తేడా మొదటి వ్రతం. చేరిన సమాజంలోనే చివరిదాకా ఉంటానన్న మాట అది. పక్కవాళ్లు నచ్చలేదనో, ఇంకో మఠం బాగుంటుందనో వెళ్లిపోవడం కుదరదు. దూరదేశాల్లో పనిచేసే మిషనరీ సిస్టర్లకు బదిలీలు తప్పవు కాబట్టి, వారికి ఈ వ్రతం ఒక కట్టడానికి కాక తాము చేరిన సమాజానికి కట్టుబడటంగా వర్తిస్తుంది. బడి నడిపేవారికి ఈ వ్రతం ఎంత ఉపయోగమో వేరే చెప్పనక్కర్లేదు. నిన్నటి విద్యార్థి కూతురు రేపు బడిలో చేరేసరికి ఆ ఇల్లు అక్కడే ఉంటుంది.

విధేయత గురించి ఒక్క విషయం గమనించాలి. ముఖ్యమైన నిర్ణయం తీసుకునే ముందు మఠాధిపతి అందరినీ పిలవాలని మూడో అధ్యాయం శాసిస్తుంది. కొత్తగా చేరిన చిన్నవాళ్లను కూడా పిలవాలి, ఎందుకంటే మంచి ఆలోచన దేవుడు తరచు వాళ్లకే తోపిస్తాడని బెనెడిక్టు కారణం కూడా రాశాడు. ఆ తర్వాత తుది నిర్ణయం మఠాధిపతిదే, అందరూ దానికి లోబడాల్సిందే. కానీ వినకుండా నిర్ణయించే హక్కు ఆయనకు లేదు. హోదా కూడా వయసును బట్టో, పుట్టిన కుటుంబాన్ని బట్టో ఉండదు, మఠంలో చేరిన తేదీని బట్టి ఉంటుంది. బానిసలు, ప్రభువులు ఉన్న ఆరో శతాబ్దపు సమాజంలో ఇది సామాన్యమైన నియమం కాదు. పైవాడి మాటకు లోబడాలి, కానీ ఆ పైవాడు కిందివాళ్ల మాట వినాలి. మనీలా బడి చరిత్రకు ఈ మూడో అధ్యాయమే కీలకమని నా అభిప్రాయం.

మధ్యయుగాల నుంచి స్త్రీల మఠాలకు ఒక ఇరకాటం ఉండేది. కన్యాస్త్రీలు మఠం గోడలు దాటకూడదన్నది కఠినమైన కట్టుబాటు. బడి పెట్టినా పిల్లలే లోపలికి రావాలి, సిస్టర్లు బయటికి వెళ్లరాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆండ్రియాస్ ఆమ్రైన్ అనే స్విట్జర్లాండ్ దేశపు బెనెడిక్టు సన్యాసికి దీనికి విరుగుడు తోచింది. మఠజీవితాన్నీ మిషనరీ పనినీ కలపాలని ఆయన ఆలోచన. 1885లో జర్మనీలోని బవేరియాలో ఆయన చేతుల మీదుగా మిషనరీ బెనెడిక్టు సిస్టర్ల సభ మొదలైంది. 1904లో వారి కేంద్రమఠం ట్యుట్సింగ్ అనే సరస్సు ఒడ్డు ఊరికి మారింది. అందుకే ఇప్పటికీ వారిని ట్యుట్సింగ్ సిస్టర్లంటారు.

వారి తొలి మిషన్ జర్మన్ల వలసగా ఉన్న తూర్పు ఆఫ్రికాలో. 1889 జనవరిలో దార్ ఎస్ సలామ్ దగ్గరి పుగు మిషన్ మీద తిరుగుబాటుదారులు దాడి చేసినప్పుడు ఒక సిస్టర్ చనిపోయింది. వలస పాలకుల వెంట వచ్చిన మతప్రచారకులను స్థానికులు ఎలా చూశారో ఆ దాడి చెబుతుంది. ఆ సిస్టర్ త్యాగాన్ని గౌరవిస్తూనే ఈ సంగతిని కూడా చెప్పాలి. వలసపాలన నీడలో మొదలైన సభ ఇది. మనీలాలో కూడా వారు వలసపాలన నీడలోనే అడుగుపెట్టారు.

1906 సెప్టెంబర్‌లో అయిదుగురు జర్మన్ సిస్టర్లు మనీలాలో ఓడ దిగారు. వాళ్లకు ఎదురైన పరిస్థితి విచిత్రంగా ఉంది. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్ ఏలిన దేశం 1898లో అమెరికా చేతికి వచ్చింది. స్పానిష్ పాలనలో చర్చి, ప్రభుత్వం ఒకటే. అమెరికన్లు ఆ రెండింటినీ విడదీశారు. 1901 ఆగస్టులో థామస్ అనే ఓడలో దాదాపు అయిదు వందల మంది అమెరికన్ టీచర్లు వచ్చి దేశమంతా ఇంగ్లీషు మీడియం ప్రభుత్వ బళ్లు పెట్టడం మొదలుపెట్టారు. మరుసటి సంవత్సరం గ్రెగోరియో అగ్లిపాయ్ నాయకత్వంలో ఒక పెద్ద వర్గం రోమ్ నుంచి విడిపోయి సొంత చర్చి పెట్టుకుంది. కథోలిక చర్చికి కాళ్ల కింద నేల కదిలిన రోజులవి. తమ పిల్లలకు తమ మతంతో కూడిన చదువు కావాలంటే కొత్త భాషలో, కొత్త పద్ధతిలో బళ్లు పెట్టగలవారు కావాలి. అప్పుడు మనీలాలో పోపు ప్రతినిధిగా ఉన్న ఆంబ్రోస్ ఏజియస్ మాల్టా దేశస్థుడు, ఆయనా బెనెడిక్టు సభవాడే. అలా స్పానిష్ అలవాట్లున్న దేశంలో, అమెరికన్ల పాలనలో, జర్మన్ సిస్టర్లు ఇంగ్లీషులో పాఠాలు చెప్పే బడి పుట్టింది.

మొదటి చోటు టోండోలోని మోరియోనెస్. టోండో అప్పుడూ ఇప్పుడూ మనీలాలో కూలినాలి జనం కిక్కిరిసి బతికే పేట. ఒక మామూలు ఇంట్లో, ఫీజు కట్టే ఆరుగురు ఆడపిల్లలతో మొదలుపెట్టారు. ఫీజు కట్టలేని పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడం కూడా దాని వెంటే మొదలైంది. వాళ్లు యాభై మంది దాకా ఉండేవారు. ఆరుగురి ఫీజుతో యాభై మందికి చదువు సాగదు. లెక్క సరిపడటానికి ఒకే దారి, టీచర్లు జీతం తీసుకోకపోవడం. సిస్టర్లకు సొంత ఆస్తి ఉండదు. ఎవరు ఏ పని చేసినా వచ్చినది మఠం ఉమ్మడి సొమ్ము, ఖర్చులూ ఉమ్మడివే. ఉమ్మడి కుటుంబంలో సంపాదన ఒక చోట చేరి, ఎవరి అవసరానికి తగ్గట్టు వారికి అందినట్టే. మిషనరీ బళ్లు తక్కువ ఖర్చుతో ఎలా నిలిచాయో తెలుసుకోవాలంటే ముందు ఈ లెక్క చూడాలి. ఆ తర్వాతే దాతల విరాళాలు, ప్రభుత్వ సాయం.

1907లో బడి సాన్ మార్సెలీనోకు మారింది. 1914లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. ఈలోగా దాని పేరు ఊరంతా తెలియడానికి ఒక మనిషి కారణం. ఆమె సిస్టర్ బాప్టిస్టా బాటిగ్.

మఠంలో చేరక ముందే ఆమె తయారైన పియానో కళాకారిణి. జర్మనీలో పేరున్న గురువు లుడ్విగ్ డెప్పె పద్ధతిలో శిక్షణ పొందింది. ఆ పద్ధతి ఏమిటో కొంచెం చెప్పాలి. అంతకు ముందు పియానో విద్యలో వేళ్లదే రాజ్యం. చేతిని కదలనివ్వకుండా, ఒక్కొక్క వేలినీ సుత్తిలా ఎత్తి మీట మీద కొట్టించేవారు. గంటల తరబడి అలా సాధన చేసి చేతులు పాడుచేసుకున్నవారు ఎందరో. డెప్పె దీన్ని తిరగేశాడు. కుర్చీ ఎత్తు తగ్గించాడు. మోచేయి వదులుగా ఉంచి, భుజం నుంచి వచ్చే చేతి బరువును వేలికొస మీదకు నెమ్మదిగా దించమన్నాడు. కొట్టకుండా, బరువు వదలడంతో స్వరం పలికించాలి. మొదట్లో చాలా నెమ్మదిగా, ప్రతి స్వరాన్నీ చెవితో వింటూ వాయించాలి. వేలు ఎంత వేగంగా కదిలిందన్నది ఆయనకు ముఖ్యం కాదు, చెవి ఏం విన్నదన్నదే ముఖ్యం. సిస్టర్ బాప్టిస్టా 1907లో మనీలాకు తెచ్చింది ఈ విద్యనే. దేశంలో పాఠ్యప్రణాళిక ప్రకారం పాశ్చాత్య సంగీతం నేర్పిన తొలి సంస్థల్లో ఒకటిగా ఆ సంగీత విభాగానికి పేరొచ్చింది.

సంపన్నుల ఆడపిల్లలకు పియానో ఒక అలంకారం కదా అనిపించవచ్చు. చాలా ఇళ్లలో అలాగే మొదలై ఉంటుంది. కానీ బెనెడిక్టు మఠంలో సంగీతం స్థానం వేరు. వారి ప్రార్థన ప్రధానంగా పాటే. బైబిల్లోని 150 కీర్తనలనూ వారానికి ఒకసారి పూర్తి చేయాలని బెనెడిక్టు విధించాడు. బళ్లలో పనిచేసే సిస్టర్లు ఇప్పుడు అంత నిడివిగా చేయకపోయినా, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ప్రార్థనకు కూడుతూనే ఉంటారు. రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, ఒక వరస పాడిన చరణానికి ఇంకో వరస జవాబు పాడుతుంది. పక్కవారి గొంతు వినకుండా పాడితే శ్రుతి చెడుతుంది. రోజూ ఇలా వింటూ బతికినవారు సంగీతాన్ని అలంకారంగా నేర్పలేరు. ఈ విభాగంలో 1939లో పియానో డిప్లొమా పొందిన లుక్రెసియా కసిలాగ్ తర్వాత ఆసియా వాద్యాలనూ పాశ్చాత్య రూపాలనూ కలిపి స్వరరచనలు చేసి, ఫిలిప్పీన్స్ జాతీయ కళాకారుల్లో ఒకరిగా గుర్తింపు పొందింది. 1932లో కట్టిన సెయింట్ సిసీలియా హాల్ మనీలాలో కచేరీలకు పేరుపడిన వేదిక. దాని నమూనా గీసినవాడు ఆండ్రెస్ లూనా, ఫిలిప్పీన్స్ మహాచిత్రకారుడు హువాన్ లూనా కొడుకు.

ఆ హాలు 1945 ఫిబ్రవరిలో దెబ్బతింది. అమెరికన్ సైన్యం నగరంలోకి వస్తుంటే జపాన్ దళాలు వీధివీధినా పోరాడాయి. నెల రోజుల్లో దాదాపు లక్ష మంది పౌరులు చనిపోయారు. మలాటె పేట నేలమట్టమైంది. బడికి దగ్గర్లో, టాఫ్ట్ అవెన్యూలో ఉన్న డీ లా సాల్ కాలేజీ ప్రార్థనాలయంలో తలదాచుకున్నవారిని జపాన్ సైనికులు ఊచకోత కోశారు. 16 మంది మతసోదరులతో సహా 41 మంది చనిపోయారు. స్కొలాస్టికా భవనాలు కూడా శిథిలాలయ్యాయి. యుద్ధం ముగిశాక సిస్టర్లు అదే స్థలంలో మళ్లీ కట్టుకున్నారు. వేరే ఊరికి పోకుండా అక్కడే ఎందుకు కట్టారంటే, నాకు వారి మొదటి వ్రతమే గుర్తొస్తుంది.

యుద్ధం తర్వాత బడి పెద్దదైంది, పేరున్న కుటుంబాల అమ్మాయిలు చేరారు. తర్వాత దేశాధ్యక్షురాలైన కొరజాన్ అక్వినో యుద్ధం ముగియకముందే ఇక్కడ ప్రాథమిక విద్య చదివింది. టోండోలో యాభై మంది పేద పిల్లలతో మొదలైన చోటు అరవైల నాటికి మర్యాదస్తుల ఇళ్ల పిల్లలు చదివే బడిగా గుర్తింపు పొందింది. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు, ప్రతి దేశంలోనూ మిషనరీ బళ్లకు జరిగిందే. మంచి చదువు చెబితే డబ్బున్నవాళ్లు వస్తారు. వాళ్లు వస్తే ఫీజు పెరుగుతుంది. ఫీజు పెరిగితే ఎవరి కోసం బడి పెట్టారో వాళ్లు గేటు బయటే ఆగిపోతారు. హైదరాబాద్, విజయవాడల్లో సీటు కోసం తిరిగిన తల్లిదండ్రులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. స్కొలాస్టికా విశేషమల్లా ఈ ప్రశ్నను సిస్టర్లే ఎత్తడం.

దానికి సందర్భం మార్షల్ లా. 1972 సెప్టెంబర్‌లో మార్కోస్ పార్లమెంటును మూసి, పత్రికలను మూయించి, ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టాడు. సమ్మెల మీద నిషేధం వచ్చింది. 1975 అక్టోబర్‌లో లా టోండెన్యా అనే మద్యం ఫ్యాక్టరీలో తాత్కాలిక కార్మికులు ఉద్యోగాలు పర్మనెంట్ చేయాలంటూ పని ఆపారు. మార్షల్ లా పెట్టాక బహిరంగంగా జరిగిన తొలి సమ్మె అది. ఫ్యాక్టరీ ఉన్నది టోండోలో. కార్మికులకు అండగా వెళ్లిన సిస్టర్లలో స్కొలాస్టికా పూర్వ విద్యార్థిని, అక్కడి అధ్యాపకురాలు సిస్టర్ మేరీ జాన్ మనన్సాన్ ఉంది. రోమ్‌లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చిన మనిషి. పోలీసులు కార్మికులను కొట్టి బస్సుల్లోకి ఎక్కించడం ఆమె కళ్లారా చూసింది. ఆ తర్వాత ఆమె తరగతి గదికి తిరిగి వచ్చినా పాఠం మాత్రం పాతది కాలేదు.

అప్పటి నుంచి కాలేజీ తన చదువుకు సామాజిక న్యాయం గురి అని చెప్పుకుంది. విద్యార్థినులు మురికివాడలకు, కార్మికుల దగ్గరికి, పల్లెలకు వెళ్లి అక్కడి జీవితం చూడటం చదువులో భాగమైంది. ఇది అందరికీ నచ్చలేదు. అమ్మాయిలను పద్ధతిగా పెంచమని పంపితే ధర్నాలకు పంపుతారా అని అడిగే తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఉంటారు. వారి భయం అర్థమయ్యేదే. మార్షల్ లా కాలంలో అరెస్టయినవారు, కనిపించకుండా పోయినవారు వేలల్లో ఉన్నారు.

తర్వాత మనన్సాన్ దృష్టి స్త్రీల మీదికి మళ్లింది. 1984లో మహిళా సంఘాలన్నీ గాబ్రియేలా అనే కూటమిగా ఏర్పడటంలో ఆమె ముందుంది, ఏళ్ల తరబడి దానికి అధ్యక్షురాలిగా ఉంది. ఆ కూటమికి ఆ పేరు పద్దెనిమిదో శతాబ్దంలో స్పానిష్ పాలకుల మీద తిరగబడిన గాబ్రియేలా సిలాంగ్ పేరు మీద పెట్టుకున్నారు. 1980లలోనే స్కొలాస్టికాలో స్త్రీల అధ్యయనం పాఠ్యాంశమైంది, దానికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇంట్లో హింస, పనిచోట వేధింపు, విదేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కష్టాలు, చర్చిలో స్త్రీల స్థానం, అన్నీ అక్కడ చర్చకు వచ్చాయి. చర్చి పెద్దలను కూడా ప్రశ్నించిన ఆ సిస్టర్‌ను 1998లో కాలేజీ అధ్యక్షురాలిగా, తర్వాత మనీలా ప్రాంత మఠాల మదర్‌గా ఎన్నుకున్నది ఆమె సమాజమే. ఒక వ్యక్తి ధైర్యం ఎంత ఉన్నా, తోటి సిస్టర్లు వినకపోతే ఈ మార్పు ఒక ఉపన్యాసం దగ్గరే ఆగిపోయేది. మూడో అధ్యాయం కీలకమని ముందు అన్నది ఇందుకే.

బడి ఎవరి పేరు మోస్తోందో ఆ పునీత స్కొలాస్టికా కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె బెనెడిక్టు చెల్లెలు, కవలలని సంప్రదాయం. పోపు గ్రెగోరీ ఆరో శతాబ్దం చివర ఈ కథ రాశాడు. అన్నాచెల్లెళ్లు ఏడాదికి ఒక్కసారి మఠం దగ్గరి ఒక ఇంట్లో కలుసుకునేవారు. ఒక ఏడు భోజనమయ్యాక, పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాక, ఈ రాత్రికి ఉండిపో అన్నయ్యా అని ఆమె బతిమాలింది. రాత్రి మఠం బయట ఉండటం నియమం ఒప్పదని ఆయన లేచాడు. ఆమె బల్ల మీద చేతులు జోడించి, వాటి మీద తల ఆనించి ప్రార్థించింది. నిర్మలంగా ఉన్న ఆకాశం ఒక్కసారిగా ఉరిమి కుండపోత కురిసింది. గడప దాటే వీల్లేక ఆయన ఇదేం పని అని నొచ్చుకున్నాడు. నిన్నడిగితే వినలేదు, దేవుణ్ణి అడిగితే విన్నాడు అన్నదట ఆమె. తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. మూడు రోజులకు ఆమె కన్నుమూసింది. ఆమె ప్రేమ ఎక్కువ గనుక ఆమె మాటే నెగ్గిందని గ్రెగోరీ వ్యాఖ్య. నియమం రాసినవాడి ఎదుటే ఆ నియమానికి మించినది ఒకటుందని చూపించిన స్త్రీ పేరు ఈ బడిది.

ఇంత చరిత్ర ఉన్నా భవిష్యత్తుకు పూచీ లేదు. ప్రపంచమంతటా మఠాల్లో చేరే యువతులు తగ్గారు. ఐర్లాండ్‌లోని కైల్‌మోర్ మఠం సంగతి చూడండి. అక్కడి బెనెడిక్టు సిస్టర్లు మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని మఠం ధ్వంసమైతే పారిపోయి వచ్చినవారు. 1920లో కైల్‌మోర్ కోట కొని, 1923లో ఆడపిల్లల బడి తెరిచారు. క్రికెటర్‌గా పేరుపొందిన నవానగర్ మహారాజు రంజిత్‌సింగ్‌జీ సోదరుడి కూతుళ్లు కూడా అక్కడ చదివారు. సిస్టర్లు తగ్గిపోవడంతో 2010లో ఆ బడి మూతపడింది. మనీలాలో పరిస్థితి అంత దూరం రాలేదు, కానీ ఇప్పుడు టీచర్లలో ఎక్కువమంది గృహస్థులే. వారికి జీతం ఇవ్వాలి, న్యాయంగా ఇవ్వాలి. ఆరుగురి ఫీజుతో యాభై మందికి చదువు చెప్పిన పాత లెక్క ఇక పనిచేయదు. సిస్టర్లు జీతం తీసుకోకుండా చేసిన పని విలువ ఎంతో, వారు తగ్గిపోతున్నప్పుడే సంస్థల ఖాతాల్లో తెలుస్తుంది.

బడినీ మఠాన్నీ విడదీసి చూడటం ఎంత కష్టమో ఒక కోర్టు కేసు బాగా చూపిస్తుంది. మనీలాకు దగ్గర్లో ఉన్న మరికీనా నగరంలో ఇదే సంస్థకు అయిదున్నర హెక్టార్లకు పైగా స్థలం ఉంది. అందులో బాలికల బడి ఉంది. సిస్టర్ల నివాసం, కొత్తగా చేరినవారి శిక్షణ గృహం, వృద్ధ సిస్టర్ల విశ్రాంతి గృహం కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి. చుట్టూ ఎత్తైన కాంక్రీటు ప్రహరీ. 1994లో నగరపాలన ఒక ఉత్తర్వు చేసింది. ముందువైపు గోడ మీటరు ఎత్తు మించితే నూటికి ఎనభై పాళ్లు లోపలివి కనిపించేలా ఉండాలి, సంస్థలు గోడను అయిదు మీటర్లు వెనక్కి జరిపి ఆ జాగాను పార్కింగుకు వదలాలి. నేరాలు తగ్గుతాయని, ఊరు అందంగా ఉంటుందని కారణం చెప్పారు. 2000లో గోడ కూల్చమని నోటీసు వచ్చింది. వెనక్కి జరిపితే పోయే స్థలం 3,700 చదరపు మీటర్లకు పైనే.

సిస్టర్లు కోర్టుకు వెళ్లారు. కింది కోర్టులో గెలిచారు, అప్పీలు కోర్టులో గెలిచారు. నగరపాలన సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 మార్చి 12న తీర్పు వచ్చింది. పరిహారం ఇవ్వకుండా ప్రైవేటు స్థలాన్ని ప్రజల వాడకానికి తీసుకోవడం రాజ్యాంగం ఒప్పదని, అందం కోసం ఒకరి ఆస్తిని హరించలేరని కోర్టు చెప్పింది. గోడ పారదర్శకంగా ఉంటే నేరాలు తగ్గుతాయన్న వాదన కూడా నిలవలేదు. లోపల ఏముందో, ఎవరున్నారో బయటికి కనిపిస్తే భద్రత పెరగకపోగా ముప్పు పెరగవచ్చని, అక్కడ నివసించే సిస్టర్లకు ఏకాంతపు హక్కు ఉందని న్యాయమూర్తులు గుర్తించారు. బాలికల బడికీ, శిక్షణలో ఉన్న యువతులకూ, జీవితమంతా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ముసలి సిస్టర్లకూ ఉమ్మడిగా ఉన్న ఆ గోడను వెనక్కి జరపనక్కర్లేదని తేల్చారు.